గోడ పాతదే, మావయ్యా

క్రైస్ట్‌చర్చ్ నగరం నడిబొడ్డున మద్రాస్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. దాని అవతల వీధి బార్బడోస్. ఇటువైపు రెండు వీధులు దాటితే కొలంబో. మద్రాస్ అన్న బోర్డు మొదటిసారి చూసిన తెలుగువాడు, ఎప్పుడో మనవాళ్ళెవరో ఇక్కడికొచ్చి సంపాదించిన పేరేమోనని కాసేపు ఛాతీ విరుచుకుంటాడు. ఆ గర్వం ఎక్కువసేపు నిలవదు. 1850లో ఈ ఊరికి పటం గీసినవాళ్ళు కెప్టెన్ జోసెఫ్ థామస్, ఆయన కింద పనిచేసిన ఎడ్వర్డ్ జాలీ. థామస్ బంగారు కళ్ళజోడు పెట్టుకుని, ఇంగ్లండు ప్రభువుల వంశావళి పుస్తకం తెరిచి ఒక్కో పేరూ పైకి చదివేవాడట. ఇద్దరి చెవికీ ఇంపుగా తోస్తే ఆ పేరు పటమెక్కేది. ముందు లిటిల్టన్ రేవు, తర్వాత సమ్నర్ అయ్యాక క్రైస్ట్‌చర్చ్ వంతు వచ్చింది. అప్పటికి మంచి మంచి పేర్లు అయిపోయాయి. మిగిలినవి చాలామటుకు ఐర్లండులోనూ వలసదేశాల్లోనూ ఉన్న బిషప్పు పీఠాల పేర్లు. అలా ఆర్మా, కాషెల్, టువామ్ వచ్చాయి. అలాగే మద్రాసూ వచ్చింది. ఈ ముచ్చట జాలీయే తన జ్ఞాపకాల్లో రాసిపెట్టుకున్నాడు.

మద్రాసు పీఠం 1835లో ఏర్పడింది. 1912లో దోర్నకల్ పీఠం పుట్టేదాకా తెలుగు నేలమీది ఆంగ్లికన్ క్రైస్తవులకు పెద్దదిక్కు ఆ మద్రాసు బిషప్పే. ఆ లెక్కన బోర్డు మీద మనకూ కాస్త వాటా ఉంది.

మా చెల్లెలి కొడుకు ఇక్కడ సివిల్ ఇంజనీరు. 2011 భూకంపం తర్వాత ఊరు మళ్ళీ కట్టే పనుల్లోకి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాడు. సంక్రాంతి నెలలో వాడింటికి వెళ్ళాను. మనకు చలి, వాళ్ళకు ఎండాకాలం. వాడు కొండలు, సరస్సులు అంటూ పెద్ద జాబితా తయారుచేసి పెట్టాడు. నేను నాలుగు రోడ్ల మధ్యే తిరిగాను. ఎందుకంటే మతాలతో నాకో పాత పేచీ ఉంది. ఏ మతాన్నడిగినా మా బోధ ఆదినుంచీ ఇదేనంటుంది. చరిత్ర పుస్తకం తెరిస్తే ఒక్క మతం కూడా అలా కనబడదు. మరి ఆ మాట ఇన్ని వందల ఏళ్ళు ఎలా చెల్లుబాటవుతోంది? ఈ ప్రశ్న వేసుకుని తిరగడానికి క్రైస్ట్‌చర్చ్‌ను మించిన ఊరు దొరకదు. ఈ ఊరు పుట్టిందే ఒక మతశాఖ కోసం. 1848లో లండన్‌లో వేక్‌ఫీల్డ్, గాడ్లీ అనే ఇద్దరు పెద్దమనుషులు కూడి కాంటర్‌బరీ అసోసియేషన్ పెట్టారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పే దానికి అధ్యక్షుడు. ఎకరా మూడు పౌన్లు. అందులో ఒక పౌను చర్చికీ చదువులకూ. 1850 డిసెంబరులో నాలుగు ఓడలు వచ్చి దిగాయి. ఊరికి పెట్టిన పేరు గాడ్లీ చదువుకున్న ఆక్స్‌ఫర్డ్ కాలేజీది.

మద్రాస్ స్ట్రీట్‌ను ఆనుకునే లాటిమర్ స్క్వేర్. పెద్ద చెట్లు, పచ్చిక, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకునే ఆఫీసు జనం. నగరానికి అటుకొసన దీనికి జోడీగా క్రాన్మర్ స్క్వేర్. ఈ రెండింటి మధ్యలో ఇప్పుడు కెథడ్రల్ స్క్వేర్ అంటున్న చోటికి మొదట రిడ్లీ పేరు పెడదామనుకున్నారు. లాటిమర్, రిడ్లీ, క్రాన్మర్ ముగ్గురూ బిషప్పులు. ముగ్గురినీ దుర్బోధ నేరం కింద ఆక్స్‌ఫర్డ్‌లో సజీవంగా కాల్చేశారు. మొదటి ఇద్దరినీ 1555 అక్టోబరులో, క్రాన్మర్‌ను 1556 మార్చిలో. అప్పుడు సింహాసనం మీద ఉన్నది కేథలిక్ రాణి మేరీ. ఆమె పోయాక చెల్లెలు ఎలిజబెత్ వచ్చింది, నిన్నటి దుర్బోధ నేటి రాజమతమైంది. మూడు వందల ఏళ్ళు తిరిగేసరికి ఆ కాలినవాళ్ళ పేర్లే భూగోళానికి అటువైపు ఒక ఊరి చౌరస్తాలయ్యాయి.

వీళ్ళలో క్రాన్మర్ కథ మరీ విచిత్రం. 1538లో జాన్ లాంబర్ట్ అనే ఆయన మీద ఎనిమిదో హెన్రీ ఎదుట విచారణ జరిగింది. ప్రభురాత్రి భోజనంలోని రొట్టె అక్షరాలా క్రీస్తు శరీరం కాదన్నాడు, అదీ నేరం. ఆయనతో వాదించి తప్పని తేల్చడానికి కూర్చున్న బిషప్పుల్లో క్రాన్మర్ కూడా ఉన్నాడు. లాంబర్ట్‌ను కాల్చారు. పదేళ్ళు గడిచేసరికి క్రాన్మర్ స్వయంగా ఇంచుమించు ఆ అభిప్రాయానికే వచ్చాడు. ఆంగ్లికన్ల ప్రార్థన పుస్తకం 1549లో ఆయన చేతిమీదుగానే వచ్చింది. చివరికి ఏ మాటకు లాంబర్ట్‌ను కాల్చారో ఆ మాటకే తానూ మంటలెక్కాడు. ఎక్కేముందు ప్రాణభయంతో తన నమ్మకాలన్నీ వదులుకుంటున్నట్టు కాగితాల మీద సంతకాలు చేశాడు. ఆఖరి రోజున అందరిముందూ వాటిని కొట్టిపారేసి, సంతకం పెట్టిన కుడిచేతినే ముందుగా మంటలో పెట్టాడు. బోధ శతాబ్దాల మీద మారడం అలా ఉంచండి, ఒక్క మనిషి జీవితంలోనే ఇన్నిసార్లు అటూ ఇటూ అయింది. అయినా అన్నిసార్లూ ఆయన చెప్పింది ఒకటే: ఆది సంఘం నమ్మింది ఇదీ అని.

బార్బడోస్ స్ట్రీట్ గురించి రాయకుండా ఉందామనుకున్నాను. మంచి విషయం కాదు. కానీ మన ఊళ్ళకు సంబంధం ఉంది కాబట్టి తప్పదు. 1701లో లండన్‌లో సువార్త వ్యాప్తి సంఘం పుట్టింది. మన రాయలసీమవాళ్ళకు ఎస్.పి.జి. అంటే తెలుస్తుంది. నంద్యాలలో ఎస్పీజీ హైస్కూలంటే రిక్షా అతను కూడా దారి చూపిస్తాడు. కర్నూలు, కడప ప్రాంతాల్లో కరవు రోజుల్లో కూడు పెట్టి, మాలమాదిగ పిల్లలకు పలక ఇచ్చి కూర్చోబెట్టిన మిషన్లలో అదొకటి. ఆ సంఘానికే, 1710లో చనిపోయిన క్రిస్టఫర్ కోడ్రింగ్టన్ అనే జమీందారు బార్బడోస్‌లో ఉన్న రెండు చెరకు తోటలను బానిసలతో సహా వీలునామా రాసిచ్చాడు. సంఘం కాదనలేదు. బానిసల రొమ్ము మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో ‘సొసైటీ’ అని ముద్ర వేయించేవాళ్ళు. ఆ ముద్ర వేయడం కొన్నేళ్ళకు ఆగింది కానీ బానిసత్వం ఆగలేదు. 1830లలో బ్రిటిషు ప్రభుత్వం బానిసలను విడిపించినప్పుడు సంఘానికి 411 మందికిగాను 8,823 పౌన్ల నష్టపరిహారం వచ్చింది. పరిహారం యజమానికి, మనిషికి కాదు. ఇంగ్లండు చర్చి పాలకసభ, అంటే సినడ్, క్షమాపణ చెప్పింది 2006లో.

ఇంత జరిగినా బైబిలులో ఒక్క అక్షరం అటుదిటు కాలేదు. దాసులు యజమానులకు లోబడాలన్న పౌలు మాటా అందులోనే ఉంది, దాసుడని స్వతంత్రుడని లేదన్న పౌలు మాటా అందులోనే ఉంది. ఒక కాలంలో ఒక పేజీ గట్టిగా చదివారు, ఇంకో కాలంలో ఇంకో పేజీ. ఇప్పుడు ఏ పాస్టరుగారినడిగినా క్రైస్తవం మొదటినుంచీ బానిసత్వానికి వ్యతిరేకమేనని ధీమాగా చెబుతారు. నమ్మే చెబుతారు కూడా.

కెథడ్రల్ స్క్వేర్‌కు మావాడు తీసుకెళ్ళాడు. మధ్యలో గాడ్లీ విగ్రహం. 2011లో పీఠం మీంచి కింద పడింది. పడ్డాక పీఠం లోపల ఎవరో ఎప్పుడో దాచిపెట్టిన పెట్టెలు బయటపడ్డాయి. ఇప్పుడు మళ్ళీ నిలబెట్టారు. దానికి దగ్గర్లోనే కెథడ్రల్, చుట్టూ కంచె, ఇనుప కమ్మీల ఊతం. 2011 ఫిబ్రవరి 22, మధ్యాహ్నం 12:51కి వచ్చిన భూకంపంలో నగరంలో 185 మంది చనిపోయారు. అందులో 115 మంది మద్రాస్ స్ట్రీట్‌లోని ఒకే ఒక్క భవనంలో పోయారు. కెథడ్రల్ శిఖరం కూలిపోయింది, లోపల మాత్రం ఎవరూ చనిపోలేదు. మిగిలిన కట్టడాన్ని కూల్చేద్దామని 2012లో అప్పటి బిషప్పు విక్టోరియా మాథ్యూస్ నిర్ణయించారు. ఊరు రెండుగా చీలింది. కోర్టుల దాకా వెళ్ళారు. 2017 సెప్టెంబరులో సినడ్ ఓటు వేసి, ఉన్నదాన్నే పునరుద్ధరించాలని తేల్చింది. 2020లో మొదలైన పనులు 2024 ఆగస్టులో డబ్బు చాలక ఆగిపోయాయి.

కంచె పక్కన నిలబడి మావాడు పాఠం మొదలుపెట్టాడు. పాత రాతి గోడకు భూకంపంలో ఊగే గుణం లేదు. పాతదిలాగే కనబడాలి, కానీ ఈసారి మనుషులు బతకాలి. అందుకని గోడల లోపల కొత్త ఉక్కు, కాంక్రీటు ఇరికించాలి. మొత్తం కట్టడాన్ని కింది నేల నుంచి విడదీసి, కదలిక తట్టుకునే ప్రత్యేకమైన బేరింగుల మీద కూర్చోబెట్టాలి. “రాయి అదే ఉంటుంది. బయటనుంచి చూస్తే మీ గాడ్లీకి కూడా తేడా తెలీదు. గోడ పాతదే, మావయ్యా. మోసేది గోడ కాదు.”

నేను వాడితో అన్నాను, ఇలాంటి పని మతాలు ఇంజనీర్లను పిలవకుండానే చేస్తుంటాయని. వాడు నవ్వి ఊరుకున్నాడు.

పాతది అంటున్నామే గానీ ఆ పాతది కూడా ఒక్కసారి కట్టింది కాదు. 1864 డిసెంబరులో పునాదిరాయి పడింది. 1881 నవంబరు 1న ప్రతిష్ఠ అయింది. ఆ ఏడాదిలోనే భూమి కదిలి శిఖరం కొస దెబ్బతింది. 1888లో పైభాగం రాళ్ళు రాలాయి. 1901లో మరోసారి. ఇక రాయితో లాభం లేదని పైభాగాన్ని కలపతో కట్టి రాగిరేకు తొడిగారు. 1904కు గానీ కట్టడం పూర్తి కాలేదు. కాబట్టి ఇప్పుడు జనం కోరుతున్న ‘అసలు’ శిఖరంలో పైభాగం, విరిగాక వేసిన అతుకే.

ఈ ఊరి ప్రెస్బిటీరియన్లు వేరే దారి పట్టారు. బీలీ అవెన్యూలోని నాక్స్ చర్చి 1902 నాటిది. భూకంపంలో ఇటుక గోడలు పోయాయి, లోపలి కలప పైకప్పు మాత్రం చెక్కు చెదరలేదు. వాళ్ళు గోడల కోసం పట్టుబట్టలేదు. పాత కప్పును అలాగే ఉంచి, చుట్టూ కొత్త గోడలు, రాగి రేకులు. 2014లో మళ్ళీ తెరిచారు. బయట రోడ్డు మీద వెళ్ళేవాడికి ఇది కొత్త భవనం. లోపల బెంచీ మీద కూర్చుని తలెత్తితే నూరేళ్ళ నాటి తేనె రంగు కలప, ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే దూలాలు, అటు చివర రంగు గాజు. బుధవారం కాబట్టి ఖాళీగా ఉంది. ఒక పెద్దావిడ పూలకుండీలో నీళ్ళు మారుస్తోంది. నాకు ఆ పైకప్పు కింద లాయిడ్ గీరింగ్ గుర్తొచ్చాడు.

అసలు నేను ఈ ఊరు రావాలని పట్టుబట్టింది ఆయన కోసమే. గీరింగ్ 1918లో ఇక్కడికి ఉత్తరాన ఉన్న రంగియోరాలో పుట్టాడు. ప్రెస్బిటీరియన్ పాస్టరు, పాత నిబంధన పండితుడు. డునెడిన్‌లో పాస్టర్లను తయారుచేసే నాక్స్ వేదాంత కళాశాలకు ప్రిన్సిపాల్. 1966లో సంఘ పత్రిక ‘ఔట్‌లుక్’లో ఈస్టరు పండక్కి పునరుత్థానం మీద ఒక వ్యాసం రాశాడు. యేసు ఎముకలు పాలస్తీనాలో ఎక్కడో ఉండి ఉండవచ్చన్న ఒక స్కాటిష్ పండితుడి మాటను అందులో ఉటంకించాడు. లేచింది శరీరం కాదు, పునరుత్థానాన్ని వేరే అర్థంలో చదవాలని ఆయన వాదన. మరుసటి ఏడు వెల్లింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ మనిషికి చావులేని ఆత్మంటూ లేదన్నాడు. విదేశీ పండితులు చాలామంది అప్పటికే ఇవే మాటలు లావు పుస్తకాల్లో రాసి ఉన్నారు. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. ఈయన సంఘ పత్రికలో, ఆదివారం చర్చికొచ్చే రైతుకు అర్థమయ్యే ఇంగ్లీషులో రాశాడు. దేశం దద్దరిల్లింది.

1967 నవంబరులో ప్రెస్బిటీరియన్ మహాసభ క్రైస్ట్‌చర్చ్‌లో కూడింది. రాబర్ట్ బ్లేకీ అనే పాస్టరు, రాబర్ట్ వార్డ్‌లా అనే విశ్వాసి ఆరోపణ పత్రాలు దాఖలు చేశారు. ఒక అభియోగం సిద్ధాంత దోషం, మరొకటి సంఘశాంతికి భంగం. రెండు రోజుల విచారణ. టీవీ కెమెరాలు పెట్టారు. రాజకీయాల మీద, గొర్రెల ధర మీద మాట్లాడుకునే దేశం ఆ రెండు రోజులూ ఆత్మ ఉందా లేదా అని మాట్లాడుకుంది. చివరికి సభ సిద్ధాంత దోషం రుజువు కాలేదని చెప్పి, వ్యవహారం ఇంతటితో ముగిసిందని ప్రకటించింది.

నగరంలోని టురంగా లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఈ కథంతా తిరగేస్తుంటే నాకు ఫిర్యాదు చేసినవాళ్ళ మీద కూడా సానుభూతి కలిగింది. వాళ్ళు మూర్ఖులేమీ కాదు. సంఘం ఒక విశ్వాస ప్రమాణం రాసుకుంది. 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ ప్రమాణం. పాస్టరయ్యేవాడు దానికి కట్టుబడతానని సంతకం పెడతాడు. దాన్ని నేర్పడానికి జీతం తీసుకునే ప్రిన్సిపాలే దాన్ని కాదంటే అడిగే హక్కు చందా ఇచ్చేవాడికి లేదా? ఉంది. కాకపోతే ఆ ప్రమాణంలోనే పోపు క్రీస్తు విరోధి అని కూడా ఉంది. 1967లో పక్కింటి కేథలిక్కుతో కలిసి టీ తాగే ప్రెస్బిటీరియన్ పెద్దమనిషి ఆ వాక్యాన్ని ఏం చేసుకున్నాడు? చదవడం మానేశాడు. స్కాట్లాండు సంఘాలు పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే విశ్వాసపు సారానికి చెందని విషయాల్లో ఎవరి అభిప్రాయం వాళ్ళు ఉంచుకోవచ్చని చట్టాలు చేసుకున్నాయి. సారమేది, చెందనిదేది? ఆ జాబితా మాత్రం ఎవరూ రాయలేదు. రాయకపోవడంలోనే తెలివంతా ఉంది.

గీరింగ్ ఆ తెలివిని కాదన్నాడు. మతాల బోధ కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది, మనమూ మారాం, ఆ మాట పైకి అందాం రండి అన్నాడు. మారడం వల్ల ఆయనకు చిక్కు రాలేదు. మారామని చెప్పడం వల్ల వచ్చింది. సభ తీర్పు కూడా గమనించండి. ఆయన చెప్పింది నిజమనలేదు, అబద్ధమనలేదు, మా బోధ మారిందని ఒప్పుకోలేదు. ఫైలు మూసేసింది. 1971లో ఆయన వెల్లింగ్టన్‌లోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి మతాల అధ్యయనంలో తొలి ఆచార్యుడిగా వెళ్ళిపోయాడు. తర్వాత దేవుడు లేని క్రైస్తవం గురించి కూడా పుస్తకం రాశాడు. దేశం ఆయనకు అత్యున్నత గౌరవం ఇచ్చింది. వయసులో నూరేళ్ళు దాటాడు.

యాభై ఏళ్ళ తర్వాత ఆంగ్లికన్ల వంతు వచ్చింది. 2013లో న్యూజిలాండ్‌లో స్వలింగ వివాహం చట్టబద్ధమైంది. 2018 మేలో న్యూ ప్లిమత్‌లో కూడిన ఆంగ్లికన్ జనరల్ సినడ్, అలా పెళ్ళి చేసుకున్న జంటలను ఆశీర్వదించవచ్చని తీర్మానించింది. ఎలా తీర్మానించిందో చూడాలి. వివాహం మీద సంఘ సిద్ధాంతం ఏమీ మారలేదంది. బిషప్పుకు ఇష్టమైతే అనుమతిస్తాడు, పాస్టరుకు ఇష్టం లేకపోతే బలవంతం లేదంది. అంటే గోడ పాతదే. కొందరు ఈ నేర్పును మెచ్చుకున్నారు, కొందరికి ఒళ్ళు మండింది. క్రైస్ట్‌చర్చ్‌లోనే కొన్ని సంఘాలు పీఠం నుంచి బయటికి వచ్చేశాయి. 2019లో వేరే చర్చి పెట్టుకుని, షర్లీ పేటలోని సెయింట్ స్టీఫెన్స్‌కు పాస్టరుగా ఉన్న జే బీహన్‌ను అక్టోబరులో తమ బిషప్పుగా ప్రతిష్ఠించుకున్నారు. ఈ చిన్న నగరంలో ఇప్పుడు రెండు ఆంగ్లికన్ చర్చిలు, దేని బిషప్పు దానికే. ఉన్నవాళ్ళనడిగితే మేమే అసలు కొనసాగింపు అంటారు. వెళ్ళినవాళ్ళూ అదే అంటారు. మేం కొత్తగా మొదలుపెట్టాం అన్నవాళ్ళు ఒక్కరూ కనబడలేదు.

వెళ్ళినవాళ్ళు కూడా మారని బోధకు కాపలాదారులని అనుకోనక్కర్లేదు. ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పులు పదేళ్ళకోసారి కూడే లాంబెత్ మహాసభ 1920లో కుటుంబ నియంత్రణ సాధనాలను గట్టిగా ఖండించింది. 1930లో, 193 మంది ఔననీ 67 మంది కాదనీ ఓటు వేయగా, కొన్ని షరతులతో వాటికి తలుపు తెరిచింది. ఇప్పుడు ఏ పక్షమూ ఆ ఓటు గురించి పోట్లాడుకోదు. అది పాత మార్పు, కాబట్టి సంప్రదాయంలో కలిసిపోయింది.

ఇదంతా చదివి మనవాళ్ళు, చూశారా మా ధర్మం సనాతనం, మాకీ ఓట్లూ గొడవలూ లేవు అంటారని నాకు తెలుసు. ఓట్లు లేవు, నిజమే. బౌధాయన ధర్మసూత్రం మనిషిని పతితుణ్ణి చేసే పాపాల పట్టీలో సముద్రయానాన్ని మొదట చెప్పింది. 1888లో గాంధీ లండన్ బయల్దేరితే కులపెద్దలు వెలివేశారు. ఇవాళ తిరుపతి నుంచి అర్చకస్వాములు ఉత్సవ విగ్రహాలతో సహా విమానమెక్కి అమెరికాలో, యూరపులో శ్రీనివాస కల్యాణం చేసివస్తున్నారు. తిరిగొచ్చాక ఎవరూ పంచగవ్యం పట్టించడం లేదు. ఏ మఠం, ఏ పరిషత్తు కూర్చుని ఆ సూత్రాన్ని రద్దుచేసింది? ఎవరూ చెయ్యలేదు. మరిచిపోయారంతే. క్రైస్తవులు ఓటు వేసి మారతారు, మినిట్స్ పుస్తకంలో తేదీ దొరుకుతుంది. మనం మరిచిపోయి మారతాం, తేదీ దొరకదు. అందుకే మారలేదని చెప్పుకోవడం మనకు మరింత సులువు.

తేదీ దొరికిన సందర్భాలు లేకపోలేదు. ఈ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగిన 1881లోనే, సరిగ్గా ఆ మరుసటి నెల 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఆయన మాత్రం కొత్త ధర్మం తెచ్చానన్నాడా? పరాశరస్మృతి శ్లోకం చూపించి పాతదే ఇది, మీరే మరిచారన్నాడు. ఆచారం కాదన్న పండితులదీ పాత శాస్త్రమే. పంతులుగారు ఎంత గడుసువాడో ఈ ఒక్కదాన్నిబట్టే చెప్పొచ్చు. శ్లోకం లేకుండా మానవత్వం మాత్రమే పట్టుకుని వెళ్ళి ఉంటే ఆ పెళ్ళి పందిరి పడేదని నాకు నమ్మకం లేదు.

ఆదివారం అట్ట కెథడ్రల్‌కు వెళ్ళాం. అసలు కెథడ్రల్ కూలాక తాత్కాలికంగా కట్టుకున్నది. జపాను వాస్తుశిల్పి షిగెరు బాన్ రూపం, 2013 ఆగస్టులో తెరిచారు, హెర్ఫర్డ్ స్ట్రీట్, మద్రాస్ స్ట్రీట్ మూల మీద. ఏటవాలుగా నిలబెట్టిన పెద్ద పెద్ద అట్ట గొట్టాలే పైకప్పు. పక్క గోడలు ఓడల్లో సరుకు వేసే కంటైనర్లు. ముందువైపు రంగురంగుల త్రికోణపు గాజు పలకలు. వాటిమీద బొమ్మలు పాత కెథడ్రల్ గుండ్రని కిటికీ నుంచి తీసుకున్నవి. గొట్టం మీద వేలితో తట్టి చూశాను, డొల్ల శబ్దం రాలేదు. మావాడు గుసగుసగా అన్నాడు: “లోపల కలప దూలం ఉంటుంది మావయ్యా. ఇక్కడ దొరికే అట్ట అంత బరువు మొయ్యదు.” ఈ ఊళ్ళో ఏది దేన్ని మోస్తోందో వాణ్ణి అడిగితే తప్ప తెలిసేలా లేదు.

మావాడి స్నేహితుడి కొడుక్కి ఆరోజు బాప్తిస్మం. ఆ స్నేహితుడి తల్లి నంద్యాల దగ్గరి పల్లెనుంచి మనవణ్ణి చూడ్డానికి వచ్చి ఆర్నెల్ల వీసా మీద ఉంది. జరీ అంచు తెల్లచీర, చేతిలో అట్టలు ఊడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. ఇక్కడ ఆ పుస్తకంతో పనిలేదని తెలిసినా వదల్లేదు. ఆరాధన నడిపింది ఒక మహిళా పాస్టరు.

“మా నాయన ఉండుంటే ఈడ అడుగు పెట్టేవాడు కాదన్నా” అంది, కాఫీ కప్పుతో బయట నిలబడ్డప్పుడు.

“ఎందుకమ్మా?”

“కలిసిపోయినోళ్ళ గుడికే పోనోడు, అట్ట గుడికొస్తాడా?”

ఆవిడ ‘కలిసిపోయినోళ్ళు’ అన్నది 1947 సంగతి. ఆ ఏడు సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యారు. దోర్నకల్ బిషప్పు అజరయ్య ఎన్నో ఏళ్ళు పాటుపడ్డ కల అది. చూడకుండానే 1945లో పోయాడు. ఆయన పీఠంలోనిదే నంద్యాల ప్రాంతం. అక్కడి ఎస్పీజీ క్రైస్తవులు మాత్రం కలవమన్నారు. బిషప్పు చెయ్యి తలమీద పెట్టి అభిషేకించని పాస్టరు ఇచ్చే రొట్టె మేం తీసుకోం, అపొస్తలుల నుంచి చెయ్యి మారుతూ వచ్చిన వరస తెగిపోతుంది అన్నారు. వేల కుటుంబాలు విడిగా ఉండిపోయాయి, 1970ల దాకా. మారని బోధకు తెలుగునాట అంతకంటే గట్టి కోట ఇంకోటి లేదు. ఆ నంద్యాల పీఠానికే 2013లో పుష్పలలిత బిషప్పయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ.

“అభిషేకానికి మీరు వెళ్ళారా?”

“పోకుండా ఉంటానా? ముందు వరసలో కూసున్యా. మా నాయన సూసింటే గుండె ఆగిపోయేది.”

“మరి బోధ మారినట్టే కదమ్మా?”

ఆవిడ నన్ను చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. “బోధ యాడ మారిందన్నా? అదే బైబిలు, అవే కీర్తనలు. మనుసులు మారినారు.” అంతలో కొడుకు బాప్తిస్మం సర్టిఫికెట్ తెచ్చి చూపించాడు. చక్కటి మందపాటి కాగితం, అడుగున పాస్టరమ్మ సంతకం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. వెనక కూడా చూసింది. నంద్యాల రిజిస్టరులో ఎక్కించాలంటే ఇది చాలదట, మా సెక్రెటరీ ఒప్పుకోడు, గుండ్రం సీలు కావాలంది. కొడుకు ఇక్కడ అలాంటి పద్ధతి లేదమ్మా అని ఎంత చెప్పినా వినకుండా, సీలు ఎవరి దగ్గరుంటుందో కనుక్కోవడానికి అతణ్ణి వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళింది.